సోవియట్ ఎలెక్ట్రోనికా గడియారాలు: సమస్య - పరిష్కారం

ఎలెక్ట్రోనికా పేరుతో వచ్చిన సోవియట్ బల్ల గడియారాలలో కొన్ని, ఇంట్లో కూర్చుకునే స్టార్ట్ 7176 కిట్టు సహా, కె145ఐకే1901 అనే ఐసీ (గడియారాన్ని నడిపే చిప్)తోను, ఐవీఎల్1-7/5 అనే ఆకుపచ్చ అంకెల గొట్టంతోను పనిచేస్తాయి. గడియారం మొరాయించగానే చాలామంది కొత్త ఐసీ కోసం వెతుకుతారు గాని, అనుమానించవలసిన వాటిలో అది చివరిది.

అంకెలు అసలే వెలగవు

చీకటి గదిలో చూస్తే గొట్టం లోపల సన్నని ఫిలమెంట్ తీగలు మసక నారింజ రంగులో కనిపించవచ్చు. కనిపించకపోతే ప్లగ్ తీసి, ఫిలమెంట్ కాళ్ల మధ్య కంటిన్యుటీ (తీగ తెగిందా లేదా అన్నది) మీటరుతో చూడాలి. గాజు లోపలి వెండి మరక తెల్లబడి ఉంటే గొట్టంలోకి గాలి చొరబడినట్లే. దానిని మార్చడం తప్ప మార్గం లేదు.

ఫిలమెంట్ బాగుంటే, ఐసీకి మైనస్ 27 వోల్టులు అందుతున్నాయో లేదో కొలవాలి. తగ్గి ఉంటే ముందుగా అనుమానించవలసింది ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లనే. అదే విలువ, అంతకు తక్కువ కాని వోల్టేజి ఉన్న 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకాన్ని వేయాలి. అయితే ఇది మైనస్ సరఫరా కాబట్టి ఆ వైపు కెపాసిటర్ ప్లస్ కాలు ఉమ్మడి (గ్రౌండ్) తీగకు వెళ్తుంది. అలవాటు కొద్దీ తిప్పి వేస్తే కొత్తది కూడా పాడవుతుంది.

వెలుగు మందగించింది

అంకెలను ఏర్పరిచే గీతలన్నీ సమానంగా మసకబారితే లోపం సరఫరాలో ఉంటుంది. తక్కువగా వెలిగే గీతలు, ఉదాహరణకు గంటల పదుల స్థానంలోనివి, ప్రకాశంగా ఉండి తక్కినవి వాడిపోతే అది గీతల మీద వెలుగునిచ్చే పూత అరుగుదల. ఫిలమెంట్ వోల్టేజి పెంచి దీనిని సరిచేయాలనే సలహా మంచిది కాదు, ఎందుకంటే 5 వోల్టులకు మించితే తీగ ఆయుష్షు తగ్గుతుంది. పైగా 220 వోల్టులకు చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మన 230 వోల్టులు అందినప్పుడే ఆ వోల్టేజి కొంత పెరిగి ఉంటుంది.

ఒక అంకె లేదు, లేదా ఒక గీత లేదు

అంకెలు ఒకదాని తరువాత ఒకటిగా వేగంగా వెలుగుతుంటాయి గనుక, ఒక స్థానం మొత్తం చీకటైతే దాని గ్రిడ్ (ఆ స్థానాన్ని వెలిగించి ఆర్పే జాలీ) దారిని, అన్ని స్థానాలలోనూ ఒకే గీత లోపిస్తే ఆ గీత దారిని పరీక్షించాలి. చాలాసార్లు పగిలిన టంకాన్ని మళ్లీ కరిగించి వేస్తే సరిపోతుంది.

ఒకే అంకె మితిమీరిన కాంతితో నిలిచిపోతే వెంటనే ప్లగ్ తీయాలి. టైముకు ఆధారమైన క్వార్ట్జ్ స్ఫటికం కంపనం ఆగి, అంకెల మార్పిడి నిలిచినందువల్ల అలా జరుగుతుంది. ఆలస్యం చేస్తే ఆ స్థానంలోని పూత కాలిపోతుంది.

టైము తప్పుతోంది

క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దానిని 15 సార్లు సగం చేస్తే ఒక సెకను వస్తుంది. పది లక్షలకు 20 వంతుల తేడా ఉంటే రోజుకు దాదాపు 1.7 సెకన్లు తప్పుతుంది. కొలిచే పరికరం ప్రోబ్‌ను నేరుగా క్వార్ట్జ్‌కు ఆనిస్తే దాని కెపాసిటెన్స్ వల్ల కంపనమే మారుతుంది కాబట్టి, కొన్ని రోజుల తేడాను ఫోన్ టైముతో పోల్చి, కంపనాన్ని సరిచేసే చిన్న మరలాంటి ట్రిమ్మర్‌ను కొద్దికొద్దిగా తిప్పడం మేలు. ట్రిమ్మర్ రెండు చివరల వరకు తిప్పినా తేడా తగ్గకపోతే క్వార్ట్జ్ మార్చాలి.