నింజా పాఠాలు – 4: మబ్బుమెట్టు మరోసారి

ఈ వారం ఆటలోని హౌలింగ్ గ్రాటో అనే దశలోకి దిగుదామని చెప్పాను. దిగడం లేదు. మూడో పాఠం చదివి ఆడినవాళ్లలో చాలామంది ఆటమ్ హిల్స్‌లో లాంతర్లున్న గోతి దగ్గరే ఆగిపోయారు. తప్పు నా మాటలోనే ఉంది. "లాంతరును కొట్టగానే దూకండి" అని రాశాను. ఆ "గానే" పట్టుకుని అందరూ రెండు బటన్లూ ఒకేసారి నొక్కేశారు. అందుకే ఈ పాఠం మొత్తం ఆ ఒక్క గోతికే, దాన్ని దాటించే మబ్బుమెట్టుకే. మబ్బుమెట్టంటే గాల్లో ఉండగా కత్తితో దేన్నైనా కొడితే దక్కే రెండో గెంతు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక్క ముక్క. మనం ఆడుతున్నది "ది మెసెంజర్". కెనడాలోని క్యూబెక్ సిటీలో ఉన్న సాబొటాజ్ స్టూడియో చేసిన నింజా వీడియో గేమ్, 2018 ఆగస్టు 30న నింటెండో వారి గేమ్ యంత్రం స్విచ్‌కు వచ్చింది. నడక, గోడ ఎక్కడం, దుకాణం సంగతులు పాత పాఠాల్లో ఉన్నాయి. మళ్లీ చెప్పను.

పోయిన ఆదివారం మా చెల్లి కొడుకు స్విచ్ పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. పదకొండు సార్లు దూకాడు, పదకొండు సార్లూ పడ్డాడు. "పెద్దమ్మా, నేను నొక్కుతున్నాను, అదే దూకట్లేదు" అన్నాడు. స్క్రీన్ చూడటం మానేసి వాడి బొటనవేలు చూశాను. దూకడానికి బి నొక్కాడు. కత్తితో కొట్టడానికి వేలు పైకెత్తి వై మీద వేశాడు. మళ్లీ ఎత్తి బి మీదకు వచ్చాడు. రెండుసార్లు వేలు గాల్లోకి లేచింది. అంతసేపు పడుతోందని వాడికే తెలిసి కంగారు పడుతున్నాడు. ఆ కంగారులో కత్తి లాంతరుకు తగలకముందే రెండో బి పడిపోతోంది.

వేలు ఎత్తకూడదు. కుడి బొటనవేలి కొస వై మీద, కణుపు కింది మెత్తటి భాగం బి మీద ఆనించి పెట్టుకోండి. స్విచ్‌లో వై ఎడమవైపు, బి కింద ఉంటాయి కాబట్టి వేలు కాస్త ఏటవాలుగా పెడితే రెండింటి మీదా సరిపోతుంది. ఇక నొక్కడం కాదు, దొర్లించడమే. చపాతీ కర్ర ముందుకూ వెనక్కూ ఆడినట్టు బరువు కణుపు మీద నుంచి కొసకు, కొస మీద నుంచి కణుపుకు మారాలి. మావాడికి ఇది చెప్పాక పన్నెండోసారి కూడా పడ్డాడు గానీ, అవతలి అంచుకు జానెడు దూరంలో పడ్డాడు.

ఎడమ చేతి గురించి కూడా అడిగారు. నేను కర్ర (అనలాగ్ స్టిక్) వాడను, దిక్కుల బటన్లే వాడతాను. కర్రతో ఆడితే పక్కకు తోసినప్పుడు కాస్త కిందకో పైకో కూడా పోతుంది. ఇలాంటి ఆటకు కచ్చితమైన ఎడమ, కచ్చితమైన కుడి కావాలి. స్విచ్‌కు పక్కన తగిలించే జాయ్‌కాన్‌లో నాలుగు విడి బటన్లుంటాయి, చిన్న మోడల్ స్విచ్ లైట్‌లో ప్లస్ ఆకారంలో ఒకటే ముక్క ఉంటుంది. ఈ ఆటకు లైటే నయం. బరువు 275 గ్రాములే కాబట్టి పడుకుని ఆడినా మణికట్టు లాగదు. బటన్ల స్థానాలు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చా అని అడిగినవాళ్లకు: మార్చుకోవచ్చు, కానీ ఇప్పుడే వద్దు. దొర్లించడం రాకుండా బటన్లు మారిస్తే తప్పును బటన్ మీదకు తోసేసి ఊరుకుంటారు.

ఇప్పుడు నాకు నిజంగా చిరాకు తెప్పించే సంగతి. మబ్బుమెట్టును "డబుల్ జంప్" అనకండి. ఆటలో దీని పేరు క్లౌడ్‌స్టెప్. పేరు మార్చితే చెయ్యి కూడా మారిపోతుంది. డబుల్ జంప్ ఉన్న ఆటల్లో రెండో గెంతు మొదటినుంచీ మన దగ్గరే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు బి. ఇక్కడ లేదు. గాల్లో ఉండగా కత్తి దేనికైనా తగిలితేనే రెండో గెంతు పుడుతుంది. లాంతరైనా సరే, శత్రువైనా సరే. తగలకముందు నొక్కిన బి వృథా.

అయితే పుట్టిన గెంతు పారిపోదు. జనం పొరబడుతున్నది ఇక్కడే. టిఫిన్ సెంటర్లో డబ్బు కట్టి టోకెన్ తీసుకున్నాక ఇడ్లీ కోసం పరిగెత్తనక్కర్లేదు కదా, టోకెన్ మన చేతిలోనే ఉంటుంది. ఇదీ అంతే. లాంతరును కొట్టారంటే టోకెన్ వచ్చినట్టే. వెంటనే దూకొచ్చు. కాస్త కిందకు జారాక దూకొచ్చు. ఎదుటి ముళ్ల కప్పు కింద నుంచి దాటిపోయి, అవతల పైకి దూకొచ్చు. నేల తాకేదాకా టోకెన్ చెల్లుతుంది. ఒక్కటే షరతు: ఒకసారికి ఒకే టోకెన్. గాల్లో మూడు దెబ్బలు వేసినా మూడు గెంతులు రావు. దూకితే ఖర్చవుతుంది, మళ్లీ కొడితే మళ్లీ వస్తుంది. వరసగా నాలుగు లాంతర్లుంటే కొట్టు, దూకు, కొట్టు, దూకు. ఎగిరే శత్రువు ఒక్క దెబ్బకు చచ్చిపోయినా గెంతు మీదే. అంచు నుంచి దూకకుండా ఊరికే జారిపడి, పడుతూ పక్కనున్న లాంతరును కొట్టినా గెంతు వస్తుంది. పొడవైన గోతుల్లో నేను ఎక్కువగా చేసేది ఇదే.

కత్తి అందేది కొంచెం దూరమే, అదీ ముఖం ఉన్న వైపే. లాంతరు కాళ్ల కిందకు వచ్చేదాకా ఆగకండి. ఛాతీకి ఎదురుగా ఉండగా కొట్టండి.

లయ కావాలంటే తకధిమి పట్టుకోండి. "త"కు బి, "క"కు వై, "ధి"కి ఏమీ నొక్కొద్దు, "మి"కి బి. ఆ "ధి" దగ్గర వేలు ఖాళీగా ఉండటమే ఈ పాఠం. కొన్నాళ్లకు లెక్క అక్కర్లేదు, కత్తి తగిలిన చప్పుడే చాలు. అందుకే సౌండ్ ఆపేసి ఆడొద్దని మొదటి పాఠంలో అంత గట్టిగా చెప్పాను.

దుకాణంలో కత్తితో శత్రువుల అస్త్రాలను నరికే విద్య కనబడితే ముందు అదే కొనండి. ప్రాణం పెంచేవి తర్వాత. అది ఉంటే మీ మీదకు విసిరింది కూడా మీకు మెట్టు అవుతుంది.

పడిపోతామని భయపడకండి. ఈ ఆటలో లైఫులు అయిపోవడం లేదు. చచ్చినప్పుడల్లా క్వార్బుల్ అనే చిన్న ఎర్ర దెయ్యం వచ్చి కాపాడి, చివరి చెక్‌పాయింట్ దగ్గర వదిలేస్తుంది. బదులుగా కాసేపు మీ వెంటే ఎగురుతూ మీకు దక్కాల్సిన టైమ్ షార్డులు (ఆటలోని డబ్బు) తినేస్తుంది. తిననివ్వండి.

సాధన: అదే గోతి. గోతిలో పడకుండా వరసగా ఇరవైసార్లు దాటాలి. పంతొమ్మిదోసారి పడినా లెక్క ఒకటి నుంచే. అది అయ్యాక ఇంకో ఇరవై, ఈసారి లాంతరును కొట్టాక కావాలనే ఆలస్యం చేసి, ఇక పడిపోయినట్టే అనిపించినప్పుడు బి నొక్కండి. రెండో ఇరవై పూర్తి కానివాళ్లు ఐదో పాఠం తెరవొద్దు. హౌలింగ్ గ్రాటోలో బిని నొక్కి పట్టుకుని గాలిలో తేలడం నేర్పుతాను, అప్పుడు ఆ వేలే మూడో పని కూడా చేయాలి.