డయాలసిస్ వార్డుకి ప్రార్థనకు వెళ్లే ముందు

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ల నుంచి పలాసకు డయాలసిస్‌కి వచ్చేవాళ్లను పలకరించడానికి వెళ్లే పాస్టర్లు, పంతుళ్లు, ఇమాములు ఇవి చూసుకోండి.

• జలుబు, దగ్గు ఉంటే ఆ రోజు మానేయండి. ఫోన్లో మాట్లాడినా చాలు.

• ముందు డ్యూటీ నర్సుని అడగాలి, తర్వాత రోగిని: "ప్రార్థన చేయమంటారా, ఊరికే కూర్చోమంటారా?" వద్దంటే వద్దు. పక్క మంచం మీదున్నది వేరే మతంవాళ్లు కావచ్చు, గొంతు తగ్గించండి.

• చెయ్యి పట్టుకుని ప్రార్థించడం మనకు అలవాటు. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి మాత్రం పట్టుకోవద్దు. నొక్కుడు పడితే లోపల రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. తాయెత్తు, రక్షదారం కూడా రెండో చేతికే.

• కొబ్బరినీళ్లు, అరటిపండు తీసుకెళ్లకండి. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచేయనివాళ్లకు గుండె మీదికొస్తుంది. కొబ్బరితోటల ఊళ్లలో బొండం లేకుండా పలకరింపేంటి అనిపిస్తుంది, నిజమే. అయినా వద్దు. వాళ్లు నీళ్లు కూడా కొలిచి తాగుతారు, కాబట్టి తీర్థమైనా నర్సుని అడిగే ఇవ్వాలి.

• అగరబత్తి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె సంచిలోంచి తీసేయండి. వార్డులో ఆక్సిజన్ ఉంటుంది.

• "నమ్మకముంటే డయాలసిస్ అక్కర్లేదు" అనే మాట పొరపాటున కూడా అనకండి. రెండు మూడు సెషన్లు మానేసినా ప్రాణం మీదికి రావచ్చు.

• అప్పుల గొడవలు, ఇంటి సంగతులు చెప్పుకుంటారు. సాక్ష్యంలోనో ప్రవచనంలోనో వాడుకోవద్దు, పేరు చెప్పకపోయినా ఊరంతా పోల్చేస్తుంది.