తెలుక్ ఇంతాన్ వెళ్తే ఏం తినాలి?

ఈపో వైపు వెళ్లేవాళ్లు మలేసియాలో, పెరాక్ రాష్ట్రంలోని తెలుక్ ఇంతాన్ అనే ఊళ్లో ఒక పూట ఆగండి. 1885లో కట్టిన వాలు గోపురం దగ్గర అందరూ ఫొటో దిగుతారు, పది నిమిషాల పని. అసలు సంగతి చీ చియాంగ్ ఫన్, అంటే ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి రేకుల చుట్ట. మిగతా ఊళ్లలో దాని మీద సాస్ పోసిస్తారు. ఇక్కడ బియ్యప్పిండి రేకులోనే ఎండురొయ్యలు, వేయించిన ఉల్లి వేసి చాపలా చుట్టేస్తారు. సాస్ ఉండదు, పక్కన ఊరవేసిన పచ్చిమిర్చి ముక్కలే. వేడిగా ఉండగానే తినేయాలి, చల్లారితే రేకు గట్టిపడుతుంది. పార్సిల్ కావాలంటే "తపావ్" అంటే చాలు.

శాకాహారులు జాగ్రత్త, రొయ్యలు సన్నగా కలిసిపోయి కంటికి ఆనవు. కొన్నిచోట్ల పంది కొవ్వు కూడా వాడతారు, ముందే అడగండి. శాకాహారులకి అరిటాకు భోజనం హోటళ్లే నయం. మిగతావాళ్లకి ముస్లిం కొట్లలో "మీ రెబుస్" అనే వంటకం దొరుకుతుంది: చిలగడదుంపతో చిక్కబడ్డ గ్రేవీలో పసుపు రంగు నూడుల్స్, పైన నిమ్మరసం పిండుకోవాలి.

టైముంటే పెరాక్ తీరంలోని బాగాన్ దాతుక్ దాకా వెళ్లండి. తోటల్లో పనికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు అటువైపు ఉన్నాయి. ఎక్కడ బాగుంటుందో వాళ్లనే అడగండి.