హెచ్-1బి పిటిషన్ అప్రూవ్ అయ్యింది, ఇప్పుడేం చేయాలి?

అమెరికాలో ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్-1బి వీసా లాటరీలో పేరొచ్చి, కంపెనీ మీకోసం వేసిన పిటిషన్ కూడా అప్రూవ్ అయ్యిందంటే ఇంట్లోవాళ్ళు స్వీట్లు పంచేస్తారు, కానీ అప్రూవల్ అంటే ఆ ఉద్యోగంలో మిమ్మల్ని పెట్టుకోడానికి కంపెనీకి యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఓకే చెప్పిందంతే, అందరికీ అప్పుడే స్టేటస్, అంటే హెచ్-1బి మీద అక్కడ ఉండి పనిచేసే హోదా, వచ్చేసినట్టు కాదు.

ముందు హెచ్ఆర్‌నో లాయర్‌నో అడిగి ఐ-797 (అప్రూవల్ నోటీసు) కాపీ తెప్పించుకోండి. కాగితం కింది భాగంలో ఐ-94 (అమెరికాలో ఏ స్టేటస్‌లో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉంటే అది 797ఎ, అంటే మీరు అమెరికాలో ఉండగానే స్టేటస్ మార్చేశారు. ఐ-94 లేకపోతే 797బి, స్టాంపింగ్‌కి, అంటే కాన్సులేట్‌లో పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోడానికి, వెళ్ళాల్సిందే. మీరేం చేయాలన్నది ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుంది.

797ఎ వాళ్ళకి పెద్ద పనేం లేదు. అందులో వేసిన తేదీ, క్యాప్ (లాటరీ) కేసుల్లో మామూలుగా అక్టోబర్ 1, ఆ రోజు నుంచి హెచ్-1బి అయిపోతారు. హెచ్ఆర్ దగ్గర ఐ-9 (పని అనుమతి సరిచూసే ఫారం) అప్‌డేట్ చేయించండి. ఓపీటీలో (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద చేసే పనిలో) మామూలుగా కట్ అవ్వని సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఇప్పట్నుంచి జీతంలో కట్ అవుతాయి, పేస్లిప్ చూసి కంగారు పడకండి. పిటిషన్ ఇంకా పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే మాత్రం స్టేటస్ మార్పు వదిలేసుకున్నట్టే లెక్క. ఆ తర్వాత కూడా అక్క పెళ్ళికని ఇండియా వెళ్తే, తిరిగి రావాలంటే పాస్‌పోర్టులో హెచ్-1బి స్టాంప్ కావాలి, పాత ఎఫ్-1 (స్టూడెంట్) వీసా పనికిరాదు.

ఇక స్టాంపింగ్. డిఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం) నింపేటప్పుడు 797 మీదున్న రసీదు నంబర్ ఒక్క అంకె కూడా తేడా రాకుండా వేయాలి, గత 5 ఏళ్ళలో వాడిన సోషల్ మీడియా ఐడీలు కూడా రాయాలి. 2025 డిసెంబర్ 15 నుంచి ఆ అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, కాబట్టి లింక్డ్‌ఇన్‌లో ఒక ఉద్యోగం, డిఎస్-160లో ఇంకోటి లేకుండా చూసుకోండి. ఫీజు 205 డాలర్లు. డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే పద్ధతి) మీద ఆశ పెట్టుకోవద్దు, 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బి వాళ్ళకి ఎత్తేశారు. హైదరాబాద్ అయితే వేలిముద్రలు, ఫొటో వేరే సెంటర్‌లో ఇచ్చేసి ఇంకో రోజు నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. చిలుకూరు ప్రదక్షిణలు మీ ఇష్టం గానీ, పిటిషన్ కాపీ మాత్రం ఒకసారి పూర్తిగా చదివి వెళ్ళండి, ఎందుకంటే అక్కడ అడిగేవి అందులోవే, ఏ కంపెనీ, క్లయింట్ ఎవరు, రోజూ ఏం పని, జీతమెంత. క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్ళు క్లయింట్ లెటర్ తప్పకుండా పెట్టుకోండి. 221(జి) కాగితం (ఇంకా పేపర్లో పరిశీలనో కావాలని వీసా ఆపి ఇచ్చేది) చేతిలో పెడితే ఇక రిజెక్టే అనుకుని టికెట్లు క్యాన్సిల్ చేసేయకండి, అడిగిన పేపర్లు పంపి స్టేటస్ ఆన్‌లైన్‌లో చూసుకుంటూ ఉండాలి, టైమ్ మాత్రం పట్టొచ్చు.

వీసా వచ్చినా ఇంకా స్టేటస్ రాలేదు, అది అమెరికా ఎయిర్‌పోర్టులో సీబీపీ (సరిహద్దు తనిఖీ) ఆఫీసర్ లోపలికి రానిచ్చినప్పుడే వస్తుంది. పిటిషన్ మొదలయ్యే తేదీకి 10 రోజుల ముందు నుంచి దిగొచ్చు, పని మాత్రం ఆ తేదీకి ముందు మొదలుపెట్టకూడదు. దిగాక సీబీపీ సైట్‌లో ఐ-94 డౌన్‌లోడ్ చేసి హెచ్-1బి అనే ఉందా, గడువు పిటిషన్ గడువుతో కలుస్తోందా చూడండి. పాస్‌పోర్ట్ ముందే ఎక్స్‌పైర్ అవుతుంటే ఐ-94 కూడా ఆ తేదీ వరకే ఇస్తారు, వీసా మీద ఇంకా రెండేళ్ళు ఉంది కదా అని ఊరుకుంటే తెలియకుండానే స్టేటస్ పోతుంది. ఆఫీసర్ ఎంట్రీ తప్పు కొడితే ఎయిర్‌పోర్టులో డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసు వాళ్ళు సరిచేస్తారు, అదే పాస్‌పోర్ట్ వల్ల తగ్గిందైతే పాస్‌పోర్ట్ రెన్యూ చేయించి, ఆ తేదీ రాకముందే లాయర్‌తో మాట్లాడండి.