కొత్త ర్యామ్ వేశాక డిస్‌ప్లే రాకపోతే, వేసినంత చూపించకపోతే

నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో అడిగినా, కనిగిరిలో కూర్చుని ఆన్‌లైన్‌లో వెతికినా, ర్యామ్ కొనేవాళ్లు ముందు అనే మాట "ఎనిమిది జీబీ కావాలి". నిజానికి అది చివర అడగాల్సిన మాట. డీడీఆర్ ఎన్నో (అంటే ర్యామ్ ఏ తరానిదో), డెస్క్‌టాప్‌దా ల్యాప్‌టాప్‌దా, స్టిక్ (ర్యామ్ పట్టీ) మీద చిప్‌లు ఎలా అమర్చారో తేలాకే జీబీల లెక్క. కింద చెప్పే తంటాల్లో చాలావరకు ఆ వరస తిరగేసినందువల్ల వచ్చేవే.

విప్పే ముందు పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టండి. ల్యాప్‌టాప్ అయితే లోపలి బ్యాటరీ కనెక్షన్ కూడా ఊడదీయాలి. స్టిక్ ముట్టుకోబోయే ముందు కేబినెట్ ఇనుమును ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది.

స్లాట్‌లో కూర్చోవడమే లేదు

తరం తేడా, ఇంకేమీ కాదు. డెస్క్‌టాప్ డీడీఆర్3కి 240 పిన్నులు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 ఉన్నా మధ్యలో గాటు ఒకే చోట ఉండదు, కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. ల్యాప్‌టాప్ స్టిక్కులకు వరసగా 204, 260, 262. రెండు పక్కల క్లిప్పులూ తెరిచి, గాటు సరిచూసి నొక్కినా దిగకపోతే అక్కడితో ఆపండి. బలవంతం చేస్తే పోయేది ర్యామ్ కాదు, బోర్డు.

స్టిక్కర్ మీద పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. ఆ నంబరు చివర యూ అక్షరం ఉంటే డెస్క్‌టాప్‌ది, ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ ఉంటే సర్వర్‌ది. పీసీ4-21300 అంటే 2666 వేగం, పీసీ4-25600 అంటే 3200.

ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావట్లా

ఎక్కువమంది ఫోన్ చేసేది దీనికే. కొన్ని బోర్డులు పొడుగు బీప్‌లు కొడతాయి, కొన్ని మౌనంగా ఉంటాయి. ముందు కొత్త స్టిక్ తీసేసి పాతది ఒక్కటే పెట్టి చూడండి. వస్తే బోర్డు బాగానే ఉంది. తర్వాత కొత్తదాన్ని ఒంటరిగా, పాతది పనిచేసిన స్లాట్‌లోనే పెట్టండి. ఇప్పుడు వస్తే తేడా రెండో స్లాట్‌లోనో, రెండు స్టిక్కుల పొత్తులోనో ఉంది, రాకపోతే ఆ స్టిక్‌లో. ఈ రెండు పరీక్షలు చేయకుండా ర్యామ్ వాపసు ఇచ్చేవాళ్లే ఎక్కువ.

స్లాట్ మీద అనుమానం వస్తే దుమ్ము చూడండి. చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో కేబినెట్ తెరిస్తే స్లాట్ల నిండా తెల్లటి పొడి. కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల దగ్గర ఉన్న సిస్టమ్‌లలో ఉప్పు గాలికి కాంటాక్టులు మసకబారతాయి. స్టిక్ బంగారు రంగు అంచును మెత్తటి తెల్ల రబ్బరుతో తేలిగ్గా రుద్ది, పొట్టు పూర్తిగా దులపండి, ఆ పొట్టు స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే రబ్బరు కన్నా అదే మేలు. స్లాట్‌ను బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేయండి, నోటితో ఊదకండి.

అయినా రాకపోతే బోర్డు మీది గుండ్రటి సీమాస్ బ్యాటరీ (బోర్డు సెట్టింగులను నిలిపి ఉంచేది) తీసి, కాసేపాగి పెట్టండి. అదీ పనిచేయకపోతే ఇక స్టిక్ చెడిపోయి ఉండాలి, లేదా బోర్డుతో పొత్తు కుదరని ర్యామ్ అయి ఉండాలి.

డీటీపీ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఇప్పటికీ నడుస్తున్న హెచ్61 చిప్‌సెట్ పాత బోర్డులతోనే ఈ పొత్తు పేచీ ఎక్కువ. ఇంటెల్ 2, 3 తరాల ప్రాసెసర్లు వాడే ఈ బోర్డుల్లో రెండు స్లాట్లున్నవాటికి గరిష్ఠం 16 జీబీ, అంటే స్లాట్‌కు 8. ఆ 8 జీబీ స్టిక్ మీద రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉండాలి, స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది (2ఆర్ అంటే చిప్‌లు రెండు జట్లు, ఎక్స్8 అంటే ఒక్కో చిప్ వెడల్పు 8 బిట్లు). ఎనిమిదే చిప్‌లతో 8 జీబీ వచ్చే స్టిక్‌లో ఒక్కో చిప్ సాంద్రత రెట్టింపు, దాన్ని ఆ ప్రాసెసర్లు చదవలేవు. ఇంకా పాత జీ41 బోర్డులకూ ఇదే బాధ, అక్కడ 4 జీబీ స్టిక్‌కే 16 చిప్‌లు కావాలి.

అలాగని చిప్‌లు లెక్కపెట్టుకుంటే సరిపోదు. ఆన్‌లైన్‌లో మరీ చౌకగా దొరికే కొన్ని డీడీఆర్3 స్టిక్కులకూ 16 చిప్‌లే ఉంటాయి, వివరాల్లో ఎక్కడో మూల "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని రాసి ఉంటుంది. వాటిలో చిప్ వెడల్పు ఎక్స్8 కాదు, ఎక్స్4. ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డుల్లో అవి లేవవు. ధర చూసి ఆశపడకండి.

సెకండ్ హ్యాండ్‌లో వచ్చే సర్వర్ ర్యామ్‌దీ అదే కథ. నంబరు చివర ఆర్ ఉంటే మామూలు డెస్క్‌టాప్‌కు పనికిరాదు. ల్యాప్‌టాప్ వాళ్లు చూసుకోవాల్సింది ఓల్టేజీ. మామూలు డీడీఆర్3కి 1.5 ఓల్టులు, డీడీఆర్3ఎల్‌కి 1.35. ఎల్ రకం 1.5 మీద కూడా నడుస్తుంది, మామూలుది 1.35 మీద నడవదు. ఇంటెల్ 4వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు ఎల్ రకమే అడుగుతాయి. డీడీఆర్3 ల్యాప్‌టాప్‌కు ఏది కొనాలో తేలకపోతే స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉన్న ఎల్ రకమే కొనండి.

డీడీఆర్5 బోర్డులకు మాత్రం వేరే సంగతి. ర్యామ్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు మెమరీని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి మధ్యలో ఆఫ్ చేయొద్దు.

వేసినంత చూపించట్లా

విండోస్ 32 బిట్‌దైతే ఎంత వేసినా 4 జీబీ దాటదు, అందులోనూ మూడు చిల్లరే వాడుకోనిస్తుంది. 64 బిట్ వేయడమే మందు. 8 జీబీలో 7.8 మాత్రమే కనిపిస్తే అది లోపం కాదు, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ తన వాటా తీసుకుంది. ఎంఎస్ కాన్ఫిగ్ (విండోస్‌లోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రామ్) బూట్ ఆప్షన్లలో మ్యాగ్జిమమ్ మెమరీ పెట్టెకు టిక్ ఉంటే తీసేయండి.

సరిగ్గా ఒక స్టిక్ మొత్తం కనపడకుండా పోయి, స్టిక్కులు మార్చినా అదే స్లాట్ చచ్చినట్టుంటే ప్రాసెసర్ కింద చూడాలి. సాకెట్‌లో పిన్ను వంగినా, కూలర్ ఒక పక్కకే బిగిసినా ఒక ఛానల్ (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు వెళ్లే దారి) పోతుంది. కూలర్ తీసి, కొత్త పేస్టు రాసి, నాలుగు మూలలూ సమానంగా బిగిస్తే చాలాసార్లు తిరిగొస్తుంది.

3200 కొంటే 2666 చూపిస్తోంది

జోడెడ్లలో ఒకటి నెమ్మదిదైతే బండి దాని నడకే నడుస్తుంది. పాత స్టిక్ 2666 అయితే కొత్తదీ అంతే. ప్రాసెసర్ హద్దు కూడా ఉంటుంది, హెచ్410 బోర్డు మీద 10వ తరం ఇంటెల్ ఐ3 అయితే 2666 దాటదు. సిస్టమ్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో 1600 కనిపిస్తే మోసపోయామనుకోకండి, అది సగం లెక్క, రెట్టింపు చేసుకోవాలి.

బాగానే లేస్తుంది, మధ్యలో నీలం తెర

బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను మామూలు కన్నా వేగంగా నడిపే సెట్టింగు, ఆన్ చేసి ఉంటే ఆఫ్ చేసి చూడండి. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచే సిస్టమ్ లేపి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్కులను విడివిడిగా పరీక్షించాల్సిందే, "ఒక్కటే కదా" అని వదిలేస్తే ట్యాలీ ఫైలు చెడిపోయాక తెలుస్తుంది. విడిగా రెండూ శుభ్రంగా ఉండి, కలిపితేనే తప్పులు వస్తే ఆ జోడీ కుదరలేదని అర్థం. పాతదాన్ని పక్కనపెట్టి, ఒకే ప్యాక్‌లో వచ్చే రెండు స్టిక్కులు కొనడమే దారి. నాలుగు స్లాట్ల బోర్డులో ఆ రెండింటినీ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగో స్లాట్లలో వేయాలి.

కొనడానికి వెళ్లేటప్పుడు

టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిస్తే స్లాట్లు ఎన్ని, ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ఫారమ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ఆ ల్యాప్‌టాప్ ర్యామ్‌ను బోర్డుకే అతికించారు, వేరే ఖాళీ స్లాట్ ఉంటే తప్ప షాపు దాకా వెళ్లక్కర్లేదు. మిగతావాళ్లు పాత స్టిక్కర్‌ను, బోర్డు మోడల్ నంబరును ఫోటో తీసుకుని వెళ్లండి. లేవకపోతే మారుస్తారా అని డబ్బులు ఇవ్వకముందే అడగండి, బిల్లు మీద స్టిక్ పార్ట్ నంబర్ రాయించుకోండి, స్టిక్కర్ మాత్రం పీకకండి. అది లేకపోతే వారంటీకి తీసుకోరు.