పాటకి తగ్గ ఎడిటింగ్ – 4వ పాఠం: దెబ్బ ఎక్కడ, కట్ ఎక్కడ

పోయిన పాఠంలో విశాఖ ఆర్.కె. బీచ్‌లో, కైలాసగిరి మీద తీసిన క్లిప్పులన్నీ టైమ్‌లైన్ (క్లిప్పుల్ని వరసగా పేర్చే పట్టీ) మీదకి తెచ్చి, కింద పాట పరిచాం. ఈ పాఠంలో కట్ చేయడం మొదలుపెడతాం. ముందు చెవికి పని, తర్వాతే చేతికి.

కళ్ళు మూసుకుని, తొడమీద తాళం వేస్తూ పాట ఒకసారి పూర్తిగా వినండి. రెండోసారి దెబ్బ (బీట్) పడ్డ ప్రతిచోటా ఎం కీ నొక్కండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లయిన ప్రీమియర్ ప్రోలోనూ, డావిన్చీ రిజాల్వ్‌లోనూ మార్కర్‌కి, అంటే టైమ్‌లైన్ మీద పెట్టే గుర్తుకి, అదే కీ. చేయి కాస్త ముందో వెనకో పడుతుంది కాబట్టి, వేవ్‌ఫామ్ (శబ్దాన్ని చూపే గీత) పెద్దది చేసి, గీత పైకి లేచిన చోటికి మార్కర్ జరపండి.

చిన్న లెక్క: నిమిషానికి 100 దెబ్బల పాటైతే దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.6 సెకను. సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది 15 ఫ్రేములు. ఆదితాళంలా ఎనిమిదేసి దెబ్బలు లెక్కపెడితే ఒక ఆవర్తానికి 120 ఫ్రేములు. ఆ ఆవర్తం మొదలయ్యే మార్కర్లకి వేరే రంగు ఇవ్వండి. మీ ముఖ్యమైన కట్లు అక్కడే ఉంటాయి.

మిగతా మార్కర్ల దగ్గరా కట్ చేయాలనిపిస్తుంది. చేయకండి. కాలేజీలో నా మొదటి వీడియోకి నేను ప్రతి దెబ్బకీ కట్ పెట్టాను. మూడు నిమిషాల పాటకి దాదాపు మూడు వందల కట్లు! మా సీనియర్ ఒకతను కాసేపు చూసి, "ఒరేయ్, పాట వినపడట్లేదురా" అన్నాడు. సౌండ్ బాగానే ఉంది. కన్ను పరిగెడుతుంటే చెవి పని చేయదని నాకు ఆ రోజే తెలిసింది.

దెబ్బ మీద కట్ పడక్కర్లేదు, షాట్‌లోని కదలిక పడినా చాలు. తెన్నేటి పార్క్ కింద రాళ్ళకి అల కొట్టుకునే షాట్ తీసుకోండి. నీళ్ళు రాయిని తాకి తెల్లగా విరిగే ఫ్రేము ఒక్కటే ఉంటుంది. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ దాన్ని పట్టుకోండి. స్లిప్ టూల్‌తో (షాట్ చోటు మారకుండా లోపలి దృశ్యాన్ని మాత్రం జరిపే పనిముట్టు) ఆ ఫ్రేమును సరిగ్గా డప్పు దెబ్బ కిందకి లాగండి. షాట్ అంతకు రెండు దెబ్బల ముందే మొదలవ్వాలి. అల లేస్తుండగా చూసేవాళ్ళు ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తారు. నాకు ఎడిటింగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే. వేణువు ఒక్కటే వినిపించే చోట మాత్రం కైలాసగిరి రోప్‌వే షాట్‌ని ఆవర్తమంతా కట్ లేకుండా వదిలేయండి.

పాడేవాళ్ళ పెదవులు పాటతో కలవకపోతే టెన్షన్ పడకండి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే వెళ్తుంది. బీచ్‌లో స్పీకర్ పాడేవాళ్ళ దగ్గరుండి, కెమెరా 34 మీటర్ల దూరంలో ఉంటే, కెమెరాకి పాట 0.1 సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. ఆ సౌండ్‌ని నమ్మి క్లిప్ కలిపితే పెదవులు పాటకంటే ముందే కదులుతాయి. క్లిప్‌ని రెండు మూడు ఫ్రేములు కుడికి జరిపి చూడండి.

అభ్యాసం: మొదటి పల్లవి మాత్రమే ఎడిట్ చేయండి. ఎనిమిది కట్లు దాటకూడదు, ఒక్క దెబ్బైనా కదలికతో పడాలి. 5వ పాఠంలో రంగుల పని: పొద్దున్న సముద్రం వైపు ఎండకి ఎదురుగా తీసిన షాట్‌నీ, సాయంత్రం నీడలో తీసిన షాట్‌నీ పక్కపక్కన అతకడం.