హన్మకొండ నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు? లెక్క మీరే ఇలా వేసుకోండి

టికెట్ మీద తెల్లవారుజామున 4:30కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 5:00కి దిగుతారని ఉంటే, పన్నెండున్నర గంటలే కదా అనుకుంటారు చాలామంది. కాదు. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు అసలు లెక్క ముందే తెలిస్తే మందులు ఎన్ని పూటలకు చేతి బ్యాగులో పెట్టుకోవాలో తెలుస్తుంది.

ముందు దూరం చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మీద వేలు నొక్కి పట్టుకుంటే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది, డల్లాస్ దాకా జరిపితే దాదాపు 14,400 కిలోమీటర్లు. ఇంట్లో గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగుతుగా లాగి చూడండి, అట్లాంటిక్ మీదుగా కాదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది!

కానీ మనకు అక్కడికి నేరుగా ఫ్లైట్ లేదు, అందుకే ఏ ముక్కకా ముక్క కొలవాలి. దుబాయ్ మీదుగా అయితే అక్కడిదాకా 2,550 కిలోమీటర్లు, అక్కణ్నుంచి డల్లాస్‌కి ఇంకో 12,900. అంటే వెయ్యి కిలోమీటర్ల పైనే చుట్టు.

ఇప్పుడు ఒక్కో ముక్కను 850తో (విమానం గంటకు సుమారుగా పోయే కిలోమీటర్లు) భాగించి, విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి అరగంట కలపండి. మూడున్నర, పదిహేనున్నర పైచిలుకు వస్తాయి, టికెట్లలో నాలుగు, పదహారు అని ఉంటుంది, ఎందుకంటే రన్‌వే దాకా వెళ్లే టైమూ, ఎదురుగాలీ వాళ్లు కలుపుకుంటారు. పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణం కాస్త తొందరగానే అయిపోతుంది.

అందరూ తడబడేది గడియారం దగ్గర. మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. టికెట్ మీద ఏ ఊరి దగ్గర ఆ ఊరి టైమే ఉంటుంది, అందుకే దిగే టైముని మన టైములోకి మార్చండి: ఎండాకాలంలో అక్కడ సాయంత్రం 5:00 అంటే ఇక్కడ మర్నాడు తెల్లవారుజామున 3:30. మొత్తం 23 గంటలు, అంటే దుబాయ్ దాకా 4, దుబాయ్‌లో ఆగేది 3, తర్వాత 16. దుబాయ్‌లో గంటన్నర గ్యాప్ ఉన్న టికెట్ చౌకగా దొరికినా పెద్దవాళ్లకి వద్దు, ఆ టెన్షన్ వాళ్లు పడలేరు. తిరుగు టికెట్లో టైము పక్కన చిన్నగా +1 అనో +2 అనో ఉంటుంది, అంటే బయల్దేరిన తేదీకి ఒక రోజో రెండు రోజులో తర్వాత దిగుతారని, శంషాబాద్‌కి కారు పంపేవాళ్లకి ఆ తేదీ లెక్కేసి చెప్పండి.

ఇక ఇంటి నుంచి. జనగామ, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ సుమారు 170 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు (మన వరంగల్ పక్కన మామునూరులో ఎయిర్‌పోర్టు వస్తే అప్పుడు చూద్దాం). మూడు గంటల ముందే అక్కడుండాలి. 15వ తేదీ తెల్లవారుజామున ఫ్లైట్ అంటే 14 రాత్రి తొమ్మిదిన్నరకే ఇంట్లోంచి కదలాలి, 15 రాత్రికి కారు మాట్లాడుకుంటే ఫ్లైట్ పోయినట్టే. ఇంటి నుంచి డల్లాస్‌లో దిగేదాకా 30 గంటలు, ఇమిగ్రేషన్ క్యూ, లగేజీ అదనం, కాబట్టి అబ్బాయిని ఐదింటికే కాకుండా ఆరు దాటాక రమ్మనండి.